ఎదురు గల్లీకి సగం గోలి

మా మేనత్త పోయింది. సూరత్‌లో, ఉన్ అనే బస్తీలో, కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజుల్లో. కరోనాతో కాదు. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లింది. దవాఖానలో మంచం దొరికేసరికే మాట పడిపోయింది.

సిరిసిల్ల వైపు నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి వలస వెళ్లిన కుటుంబం వాళ్లది. అత్త ఇంట్లోనే కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. నా మొదటి ఉద్యోగం సూరత్‌లోనే. అన్నం పెట్టింది ఆమే. పెడుతూ కూడా తిట్టేది: "రాసేటోనివి, తినుమని గూడ కాయితం రాసియ్యాల్నా?" ఎదురు గల్లీలో ఉండే తోడికోడలితో మాత్రం ఏళ్లుగా మాటల్లేవు, తిట్లే. నల్లా దగ్గర మొదలైన గొడవ, ఎవరూ తీర్చలేకపోయారు.

కరోనాకు ముందు ఆ బస్తీకి ఒక పరిశోధన వచ్చింది. బీపీ, షుగర్ వైద్యాన్ని పేదల వాడలకు ఎలా చేర్చాలో తేల్చడానికి ఎవరో నిధులిచ్చారు. అత్త వాళ్ల గల్లీలో ఇంటికే వచ్చి చూసి, గోలీలిచ్చారు. ఎదురు గల్లీలో బీపీ చూసి రాసుకుని, సర్కారు దవాఖానకు పొమ్మన్నారు. రెండు గల్లీలనూ పోల్చడమే పరిశోధన. దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుంది. బీపీ ఉన్నా తోడికోడలు పోలేదు.

అత్త దారాల కత్తెరతోనే గోలిని రెండు ముక్కలు చేసేది. సగం తాను మింగి, మిగతాది పట్టుకుని గల్లీ దాటేది.

"మింగు. సచ్చి నా నెత్తిమీదికి రాకు."

"నీ ఎంగిలి గోలి మింగనీకి నాకేం గతిలేదా?" అంటూనే ఆమె నోట్లో వేసుకునేది.

సంగతి తెలిసి ఆ పరిశోధన సూపర్‌వైజర్ వచ్చాడు. సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడే. నేను అక్కడే ఉన్నాను.

"మాసీ, గిట్ల పంచితే మా స్టడీ మొత్తం ఖరాబ్ అయితది."

"ఖరాబైతే మల్ల చేసుకో. దానికి కాలుచెయ్యి పడిపోతే నువ్వొచ్చి లేపుతవా?"

"రూల్ అంతే. పంచితే నీక్కూడ బంద్."

"చెయ్ బంద్. నీ మిషిన్ వట్టుకొని మల్ల నా గడప తొక్కకు!"

బయట అతణ్ని అడిగాను. అందరికీ ఇస్తే ఈ పద్ధతి పనిచేసిందని ఎలా చూపించాలి, చూపించకపోతే మిగతా బస్తీలకు నిధులెవరిస్తారు అన్నాడు. ఆ మాటలో నాకు తప్పు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. కోపం మాత్రం పోలేదు.

బెదిరించాడే గానీ గోలీలు బంద్ కాలేదు. లాక్‌డౌన్‌లో కూరగాయలకు కూడా జనం బయటికి రాని రోజుల్లో, అత్త మూతికి కొంగు కట్టుకుని, సగం గోలి పట్టుకుని గల్లీ దాటేది.

సగం మందు వల్లే పోయిందని నేను రాయను. డాక్టరు అలా చెప్పలేదు. సగం మందు మీద బతికిందని మాత్రం రాస్తాను.

ఈమధ్య పరిశోధన రెండో దశ ఎదురు గల్లీకీ వచ్చింది. గోడ నీడన కుర్చీ వేశారు. తోడికోడలు వంతు రాగానే అదే సూపర్‌వైజర్ గోలీల పట్టీ చేతికిచ్చి, "రోజుకొకటి, పూరా మింగాలె మాసీ" అన్నాడు. ఆమె పట్టీ పట్టుకుని అలాగే కూర్చుంది. వెనక ఆడవాళ్లు వంతు కోసం నిలబడి ఉన్నారు. ఎండ గోడ దాటి కుర్చీ మీదికి వచ్చింది. ఎవరూ ఆమెను లెమ్మనలేదు.