మూడు సంఘాలు, ఒక మామ్మగారి బిళ్ళల డబ్బా

మీ సంఘం తరఫున మీరు మందులిచ్చి వస్తున్న ఇంటికి ఇంకెవరు వెళ్తున్నారో ఎప్పుడైనా అడిగారా? నేను అడగలేదు. దేన్నయినా ప్రశ్నించమని ఇన్నేళ్లూ వేదికలెక్కి అరిచినవాణ్ణి, ఈ ఒక్క ప్రశ్న మాత్రం మరిచాను.

ముమ్మిడివరం దగ్గర మా ఊళ్లో, కొబ్బరిపీచు పని చేసి పిల్లల్ని పెంచిన ఒక మామ్మగారు ఉన్నారు. మా హేతువాద సంఘం తరఫున ఆవిడకి నెలనెలా రక్తపోటు మాత్రలు నేనే ఇచ్చేవాణ్ణి. "వేసుకుంటున్నారా మామ్మగారూ?" అంటే, "ఆయ్, ఒక్కటీ మానలేదండి" అనేవారు.

ఒక పొద్దున ఆవిడ బోరింగు దగ్గర కళ్లు తిరిగి పడిపోయారు. ఆటోలో అమలాపురం తీసుకెళ్లాం. డాక్టరమ్మ మందులు చూపించమంటే కోడలు పాత బిస్కెట్ల డబ్బా తెరిచింది. అందులో మూడు రంగుల అట్టలు. మందు ఒకటే, కంపెనీలే వేరు. ఒకటి మాది, ఒకటి చర్చి స్త్రీల సమాజానిది, ఒకటి గల్ఫులో పనిచేసేవాళ్ల సంఘానిది. ఒకే వారంలో మూడు శిబిరాలు పెట్టి ఎవరికి వారే రాయించాం. మూడింతల మందు పడి బీపీ మరీ దిగిపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదనీ అంది డాక్టరమ్మ.

తేరుకున్నాక అడిగాను. "మూడూ ఎందుకు వేసుకున్నారండీ?"

"అంత ప్రేమగా ఇచ్చేరు కదండీ. ఒకరివి వేసుకుని ఒకరివి మానేస్తే ఏం బావుంటాదండి? పొద్దున్న దేవుడున్నాడనేవాళ్ల బిళ్ళ, మధ్యాహ్నం లేడనే మీ బిళ్ళ, సాయంత్రం దుబాయ్ వాళ్ల బిళ్ళ. ఎవరి మనసూ కష్టపెట్టలేదండి."

ఆ మర్యాదని మూఢత్వం అనలేను. మూఢత్వం మాది. ప్రార్థనతో మొదలయ్యే సభలో కూర్చోనని నేనూ, నాస్తికులతో పనేమిటని వాళ్లూ పంతం పట్టాం. ఆ పంతం ఆవిడ ప్రాణం మీదికి వచ్చింది.

మర్నాడు మా జాబితా పట్టుకుని చర్చి హాలుకి వెళ్లాను. సమాజం పెద్ద, రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు, గుమ్మంలోనే నవ్వేశారు.

"రండి మేస్టారూ, ఇన్నాళ్లకి దారి తెలిసిందా? చెప్పులు విప్పక్కర్లేదు గానీ, ఆ వాదన మటుకు బయట విడిచి రండి."

"ప్రార్థన అయ్యాక వద్దామనుకున్నానండీ."

"అయిపోయిందండీ. మీకోసమే చేసేం."

గల్ఫు సంఘం తరఫున, సెలవుకొచ్చిన ఒక డ్రైవరుగారు వచ్చారు. మూడు జాబితాలూ బల్లమీద పరిచాం. చాలావరకు అవే పేర్లు. రొయ్యల చెరువుల అవతల మంచం పట్టిన ముసలాయన ఎవరి జాబితాలో ఉన్నాడని డ్రైవరుగారు అడిగితే వెతికాం, ఆ పేరు ఒక్కదాంట్లోనూ లేదు. హెడ్మిస్ట్రెస్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇప్పుడు ప్రతి ఇంట్లో క్యాలెండరు మేకుకే ఒక కార్డు వేలాడుతుంది. ఏ మందు, ఎవరిస్తున్నారు అన్నది అందులో ఉంటుంది. అది చదవకుండా ఎవరూ బిళ్ళ ఇవ్వరు. మామ్మగారి మందులు స్త్రీల సమాజం చూస్తోంది. చెరువుల అవతలికి నేను వెళ్తున్నాను.

మొన్న మామ్మగారు కబురుపెట్టారు. వెళ్తే, "మీరు రావడం మానేసేరు. నామీద కోపమొచ్చిందాండీ?" అన్నారు. ఉత్త చేతులతోనే కూర్చుని, ఆవిడ ఇచ్చిన టీ తాగి, ఆ కార్డు మరోసారి చదువుకుని వచ్చాను.

మీరూ కదలండి. ఈ ఆదివారమే మీ జాబితా తీసుకుని, మీకు బొత్తిగా గిట్టని సంఘం గుమ్మం ఎక్కండి. వాళ్ల జాబితా పక్కన మీది పరచండి. ఎందులోనూ లేని మనిషెవరో చూసి, ముందు ఆ ఇంటికి నడవండి.