చెరకు బండ్ల మధ్య, షుగర్ భయంతో: నిజామాబాద్ నుంచి బోధన్

నిజామాబాద్ నుంచి బోధన్‌కు ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. బస్సులో గంట. ఇంత చిన్న ప్రయాణం గురించి రాయడానికి ఏముంటుందని మీకు అనిపించవచ్చు. కానీ రెండు వేల మూడో సంవత్సరం చలికాలంలో నేను ఆ బస్సెక్కేనాటికి, ఏడాదికి పైగా మా వీధి చివరి కిరాణా దుకాణం దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేదు. నాలాగే షుగర్ ఉండి, ఇల్లు దాటాలంటే గుండె దడదడలాడే వాళ్లెవరైనా ఇది చదువుతారేమోనని రాస్తున్నాను.

నాకు షుగర్ అని ఇరవై తొమ్మిదో ఏట తెలిసింది. త్వరలోనే ఇన్సులిన్ మొదలైంది. రెండేళ్లు బాగానే నడిచింది. ఒక రోజు కమ్మర్‌పల్లిలో ఉండే మా అక్క దగ్గర్నుంచి ఆర్మూర్‌కు షేర్ ఆటోలో వస్తుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. తాగి ఉన్నాననుకుని పక్కన కూర్చున్నవాళ్లు జరిగిపోయారు. ఎవరో గుర్తుపట్టి నోట్లో చక్కెర పోసేదాకా ఆటోలో సీటు కిందే పడి ఉన్నాను. ఒంటికి ఏమీ కాలేదు, కానీ ఆ భయం మాత్రం నాతోపాటు ఇంటికి వచ్చేసింది. షుగర్ మళ్లీ పడిపోతుందేమోనని సూది ఎగ్గొట్టడం మొదలుపెట్టాను. కుట్టుమిషన్ నేర్పే పని మానేశాను. రాత్రుళ్లు నిద్ర లేదు, పగలు లేవబుద్ధి కాదు. చర్చికి పిలవడానికి ఎవరైనా వస్తే పడుకున్నానని చెప్పించేదాన్ని. అమ్మ దాన్ని నీరసం అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

షుగర్ డాక్టరు ఒకసారి నా రిపోర్టులు పక్కన పెట్టి, ఈ మధ్య దేనికైనా సంతోషపడ్డానా అని అడిగారు. అక్కడే ఏడ్చేశాను. ఆయన మా ఊళ్లోనే ఉన్న మనసు డాక్టరు దగ్గరికి పంపారు. షుగర్‌తో బతికేవాళ్లలో చాలామందికి ఇలాంటి దిగులు, భయం పట్టుకుంటాయని, అది కూడా జబ్బేనని, దానికీ మందు ఉందని ఆవిడ చెప్పింది. గోలీలు ఇచ్చింది, మాట్లాడించింది. కొన్ని నెలలకు వీధి చివరిదాకా నడవగలిగాను. ఇక ఎక్కడికైనా చిన్న ప్రయాణం చేయమని ఆవిడ చెబుతూ ఉండేది, నేను వాయిదా వేస్తూ ఉండేదాన్ని.

అలాంటప్పుడు బోధన్ నుంచి శాంత వదిన ఫోన్ చేసింది. ఆమె మా మేనత్త కరుణమ్మ కూతురు. అత్త ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆమెకు షుగర్ నాకన్నా చాలా పాతది. మూడు నెలల కింద కాలివేలు ఒకటి తీసేశారు. అప్పటినుంచి పనికి పోవడం లేదు, ఇప్పుడు సూది కూడా వద్దంటోందని వదిన చెప్పింది. "బువ్వ తినదు, మాట్లాడది. గోడ దిక్కు మర్లి పండుకుంటది. నువ్వొచ్చి చెప్పు సుజాతా, నీ మాటింటదేమో" అంది. తోడు వస్తానని అమ్మ అంది. వద్దన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు.

పొద్దున ఎనిమిదింటి ప్రాంతంలో బస్టాండుకు చేరాను. బోధన్ బస్సులకు ఎదురుచూడక్కర్లేదు, ఒకటి కదిలేలోపే ఇంకోటి వచ్చి నిలబడుతుంది. టికెట్ అప్పట్లో పదిహేను రూపాయల లోపే. తడిగుడ్డ చుట్టిన ఇన్సులిన్ సీసా, సిరంజీలు, గ్లూకోజు పొడి ఉన్న సంచీని ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఇంట్లో సూది వేసుకున్నాను కానీ, బెదురు వల్ల ఉప్మా సగం కూడా గొంతు దిగలేదు. అది పొరపాటని బస్సు ఊరు దాటాక అర్థమైంది.

ఎడపల్లి దాటేదాకా దారి హాయిగా ఉంది. ఇరువైపులా యాసంగి నాట్లు, మధ్యమధ్య కోతకొచ్చిన చెరకు. ఆ తర్వాత బస్సు ఆగిపోయింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడించే క్రషింగ్ రోజులవి. చెరకు నింపుకున్న ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు కనుచూపు మేర నిలబడి ఉన్నాయి. ముందెక్కడో ఒక ట్రాలీ ఒరిగిపోయిందని కండక్టరు దిగి చూసి వచ్చి చెప్పాడు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. మెడ వెనక చెమట పట్టింది. చేతులు వణికాయి, గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టుంది.

షుగర్ పడిపోయినప్పుడు ఇలాగే ఉంటుంది. భయం వేసినప్పుడూ ఇలాగే ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోలేకపోవడమే అన్నిటికన్నా నరకం. పరీక్ష చేసుకునే మిషన్ అప్పట్లో నా దగ్గర లేదు. పడిపోయి ఉంటే వెంటనే తినాలి. ఉత్త భయమే అయితే, తింటే షుగర్ పెరుగుతుంది. గ్లూకోజు పొట్లం చేతిలో పట్టుకుని చింపకుండా కూర్చున్నాను. అనుమానం వస్తే ముందు తినాలి, లెక్కలు తర్వాత అని ఇద్దరు డాక్టర్లూ చెప్పిన మాట గుర్తొచ్చింది. పక్కన ముదురాకుపచ్చ చీర కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. "నాకు షుగరున్నదమ్మా. పడిపోతనేమో అనిపిస్తుంది. జర సూస్కోండ్రి" అన్నాను. బయటివాళ్లతో ఆ మాట అనడం నాకు అదే మొదలు.

ఆవిడ "కాయ్ ఝాలా బాయీ" అని, ఏమైందమ్మా అని మరాఠీలో అడుగుతూ పొట్లం తీసుకుని తనే చింపింది. మహారాష్ట్ర సరిహద్దు అవతలి ఊరు ఆమెది, బోధన్‌లో కూతురి దగ్గరికి పోతోందట. తన సీసాలోని నీళ్లలో పొడి కలిపి తాగించింది. ఎవరూ దూరం జరగలేదు. కండక్టరు వచ్చి ముందు సీటు ఖాళీ చేయించి కాళ్లు చాపుకోమన్నాడు. పక్కనే ఆగి ఉన్న ట్రాక్టరు మీది మనిషిని ఆవిడ కిటికీలోంచే కేకేసి ఒక చెరకు గడ అడిగి తీసుకుంది. కొంచెం సేపటికి వణుకు తగ్గింది. ఆమె విరిచి ఇచ్చిన ముక్క నములుతూ బయటికి చూశాను. ఒక బండి కింద దూడ నిద్రపోతోంది. ఆ రోజు నాకు వచ్చింది షుగర్ పడిపోవడమో, భయమో ఈనాటికీ తెలియదు. ఏదైనా సరే, దాన్ని దాటాను.

బోధన్ చేరేసరికి పదిన్నర అయింది. బస్టాండు నుంచి అత్త వాళ్లింటికి ఆటోలో పది నిమిషాలు. ఊరంతా ఫ్యాక్టరీ మొలాసిస్, అదే చెరకు మడ్డి, వాసన పులుపుగా కమ్ముకుని ఉంది. మొదటిసారి వచ్చేవాళ్లకు తల తిరిగినట్టుంటుంది, సాయంత్రానికి అలవాటైపోతుంది. శాంత వదిన జొన్నరొట్టె, మెంతికూర పెట్టింది. ముందు కడుపునిండా తిన్నాను. తింటుండగానే ఆమె మెల్లగా తన బాధంతా చెప్పుకుంది. చక్కెర డబ్బాకు తాళం వేసిందట. అన్నం కొలిచి పెడుతోందట. ఇంత చేసినా అమ్మ మొండికేస్తోందని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

లోపల అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వందమంది పిల్లలకు వండి, గరిట పట్టుకుని అందరినీ అదిలించే మనిషి. దుప్పటి కింద ఉందో లేదో అన్నట్టుంది. నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. సూది సంగతి ఎత్తలేదు. బస్సులో జరిగింది చెప్పాను. ఆటోలో పడిపోయిన సంగతి, ఏడాది పాటు తలుపు వేసుకుని కూర్చున్న సంగతి కూడా చెప్పాను. అప్పుడు అత్త నావైపు తిరిగింది.

"ఇంట్ల అందరు నా పల్లెం దిక్కే సూస్తరు సుజాతా. నా మొఖం దిక్కు ఎవ్వలు సూడరు" అంది.

శాంత వదిన తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఇవాళ వేలు పోయింది, రేపు పాదం పోతుంది, ఇంకెన్నాళ్లు వీళ్లకు బరువవ్వాలి, సూది మానేస్తే తొందరగా అయిపోతుంది కదా అని అత్త నిదానంగా చెప్పింది. ఆమె అంటున్నదేమిటో మా ఇద్దరికీ అర్థమైంది. నాకూ కొన్నాళ్లు అట్లాగే అనిపించిందని, డాక్టరుతో ఆ మాట పైకి చెప్పాకే బరువు తగ్గిందని అన్నాను. ఏ డాక్టరని ఆమె అడిగింది. చెప్పాను.

"గా గోలీలు మింగితే పిచ్చిదంటరు గద?"

"అంటే అన్నరు అత్తా. నాకైతే నిద్రవట్టింది."

వేలు తీసేసినప్పటి నుంచి తెల్లారేదాకా కళ్లు మూతపడడం లేదని అత్త చెప్పింది. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. శాంత వదిన వచ్చి మంచం మీద కూర్చుని తల్లి చేయి పట్టుకుంది. అత్త చేయి వెనక్కి తీసుకోలేదు. ఆ మధ్యాహ్నం అత్త సూది వేయించుకుంది. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలకుండా మేమిద్దరం అదే గదిలో పడుకున్నాం.

మర్నాడు ముగ్గురం నిజామాబాద్ బయలుదేరాం. ఎడపల్లి దారిలో చెరకు బండ్ల బారు ఇంకా తెగలేదని తెలిసి రుద్రూర్, వర్ని మీదుగా చుట్టుదారి పట్టాం. వర్నిలో బస్సు మారాలి. సమయం ఎక్కువే పడుతుంది కానీ, కాలువ నీళ్లు పారే ఆ పొలాల మధ్య ప్రయాణం చాలా బాగుంటుంది. వర్ని బస్టాండులో మధ్యాహ్నం సూది వేళయింది. టిఫిన్ డబ్బా తెరిచి పెట్టుకుని అత్తా నేనూ బెంచీ మీద కూర్చున్నాం. నేను కొంగు చాటు చేసుకుంటుంటే ఎదురుగా ఒకామె వింతగా చూసింది. అత్త ఆమెతో మామూలుగా అంది: "షుగరమ్మా. బువ్వకు ముందు ఏస్కోవాలె." ఆమె తన మరిదికి కూడా ఉందంటూ దగ్గరికి జరిగింది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఆ కబుర్లే. మోస్రాలో బస్సు ఆగినప్పుడు అత్త తనంతట తానే ఒక జామకాయ కొనుక్కుని, ముక్క కోసి వదినకూ ఇచ్చింది. వదిన ఆ ముక్క తింది, ఏమీ అనలేదు.

నిజామాబాద్‌లో మనసు డాక్టరు మొదట అత్తతో విడిగా చాలాసేపు మాట్లాడింది, తర్వాత వదినను పిలిచింది. గోలీలు రాసి, ఇంట్లో ఎవరో ఒకరు తోడుండాలని చెప్పింది. షుగర్ డాక్టరు సూది మోతాదు మార్చారు. అన్నీ వెంటనే కుదుటపడలేదు. అత్తకు మొదట నిద్ర వచ్చింది. కొన్ని వారాలకు ఆకలి వచ్చింది. ఎండాకాలం నాటికి మెత్తని చెప్పులు వేసుకుని చర్చికి నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. మళ్లీ గోడవైపు తిరిగే రోజులూ ఉండేవి. అలాంటి రోజున వదిన పళ్లెం సంగతి అడగడం మానేసి, "మనసుల ఏమున్నదే అమ్మా" అని అడగడం నేర్చుకుంది. నేను జూన్‌లో మళ్లీ కుట్టుమిషన్ క్లాసులు మొదలుపెట్టాను.

షుగర్ రిపోర్టులో అంకెలుంటాయి. వాటిని చూసి ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, కోప్పడతారు. నిద్ర లేని రాత్రులు, సూది అంటే వణుకు, బరువైపోయానన్న ఆలోచన ఆ కాగితంలో ఎక్కడా కనిపించవు. అవి ఎవరో ఒకరు అడిగితేనే బయటికి వస్తాయి. నన్ను ఒక డాక్టరు అడిగారు. అత్తను అడగడానికి నేను వెళ్లాను. ఆ వెళ్లడంలో నేనూ ఎంత బాగుపడ్డానో తిరిగొచ్చాక తెలిసింది. మీ ఇంట్లో షుగర్ ఉన్న మనిషి ఈ మధ్య మాట తగ్గించి ఉంటే, ఒక పూట వెళ్లి పక్కన కూర్చోండి.

ఆ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: చెరకు నరికే నెలల్లో ఇన్సులిన్ వేసుకుని బయలుదేరితే, టిఫిన్ బోధన్‌లో చేద్దామనుకోకుండా కడుపునిండా తిన్నాకే బస్సెక్కండి.