ఆమోదం కోసం ఆగిన పెసరట్టు

శనివారం: నేను రాసిన టిఫిన్ల వివరాలను ఇంట్లో ఒక్కరూ చదవలేదు.
ఆదివారం ఉదయం: వెబ్‌సైటు ఖాళీగా ఉన్నదని నన్ను నిలదీశారు.
అదే సాయంత్రం: నవ్వారు.

ఆ రోజుల్లో నేను ప్లాంటు నుంచి కొత్తగా పదవీ విరమణ చేసి, ఇంటిని కూడా ఒక విభాగంగా భావించి పర్యవేక్షించేవాణ్ణి (ఇంటివారి అభిప్రాయం వేరు). మేముండే కార్మికుల కాలనీ క్యాంప్ 2లో మా ఆవిడ టిఫిన్ల వ్యాపారం తలపెట్టింది. ఆర్డర్లు వెబ్‌సైటు ద్వారానే రావాలి. రాకపోతే రుబ్బిన పెసరపిండి పారబోయడమే. ఆ వెబ్‌సైటును కట్టింది నా మేనకోడలు. ఈ హిందీ ఊళ్లోనే పుట్టిన పిల్ల, కోపం వస్తే హిందీలోకి దిగుతుంది. "మామయ్యా, వివరాలుండే చోటు వంటిల్లు అనుకోండి. జనం చూసే జావాస్క్రిప్ట్ పేజీ ముందు గది. మధ్యలో ఏపీఐ ఒక కిటికీ. ముందు గది అడుగుతుంది, కిటికీ అందిస్తుంది, బస్!" అని వివరించి, ఆ వంటింట్లో టిఫిన్ల వివరాలు రాసే పని నాకప్పగించింది.

ఆదివారం ఉదయం కిటికీ ఏమీ అందించలేదు. మేనకోడలు కోడ్ మార్చింది, పాస్‌వర్డు మార్చింది. "ఏపీఐ జవాబిస్తోంది మామయ్యా, లేకిన్ ఖాళీ జవాబు!" ఇంతలో మా ఆవిడ గరిటెతో వచ్చింది. "ఏటండీ ఇది? పిండి పులిసిపోతన్నాది. ఒక్క ఆర్డరూ లేదేటి?"

చివరకు మేనకోడలు నా తెర చూసింది. "అన్నీ డ్రాఫ్టులే! పబ్లిష్ నొక్కితేనే కిటికీ అందిస్తుంది. క్యోఁ నహీఁ కియా, ఎందుకు నొక్కలేదు?"

"రాసినవాడే ఆమోదించవచ్చునా?" అన్నాను. ప్లాంటులో పనికి పర్మిట్ రాసిన చేయి దాన్ని ఆమోదించదు. మరొకరు చదివి సంతకం పెట్టాలి. నేను ఆ మరొకరి కోసమే నిరీక్షిస్తున్నానని చెప్పాను.

"ఆ మరొకరూ నేనే, చాలేటి?" అంటూ మా ఆవిడ పిండి అంటని చిటికెనవేలితో పబ్లిష్ నొక్కింది. చదవకుండా. పేజీ నిండింది. ఆమోదించేవారు పరిశీలించి కొట్టివేయవలసిన నా వ్యాఖ్య కూడా ఊరందరికీ కనిపించింది: "అల్లం చట్నీ: కారం పరిమితిని మించినది. బాధ్యులు సరిచూడగలరు."

మొదటి ఫోను పక్క వీధి వెల్డర్ భయ్యాది. "ఆంటీ, వో లిమిట్ వాలీ చట్నీ జ్యాదా దేనా!" అంటే ఆ పరిమితి మించిన చట్నీయే ఎక్కువ వేయమని. తరువాత వచ్చినవారంతా పెసరట్టు కన్నా ముందు చట్నీనే అడిగారు. మధ్యాహ్నానికి పిండి అయిపోయి గిన్నె కడిగేశారు, సాయంత్రం నా వ్యాఖ్య చదివి ఇంట్లో అందరూ నవ్వారు.

పబ్లిష్ మీట ఎదుట అంత నిష్ఠగా కాచుకున్న అప్పటి నన్ను, ఆ పెద్దమనిషిని, తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. కొంత జాలి కూడా. జీవితమంతా అతని సంతకం కింద ఇంకొక సంతకం ఉండేది. ఇంట్లో ఉండదని ఎవరూ చెప్పలేదు.

అయినా సూత్రం సూత్రమే. చదవకుండా ఆమోదించినది మా ఆవిడ కనుక, ఆ వ్యాఖ్య ప్రచురణకు బాధ్యులెవరో ఆమె నాకు లిఖితపూర్వకంగా తెలియజేయవలసినదిగా కోరుతున్నాను. వంటింట్లోంచి అరచి చెప్పే జవాబులు స్వీకరించబడవు.