కప్పని మూల

సైదయ్యకు వెలుతురంటే ప్రాణం. చివ్వెంలలో కందిలి వెలుగులో పెరిగినందుకేమో, సూర్యాపేట మార్కెట్లో కూరగాయల దుకాణం పెట్టినప్పటి నుంచి ఆయనది ఒకటే పాట: "మాల్ మెరవాలె, దూరంకెల్లి కనపడాలె." కూరగాయలమ్మే మనిషికి ఇంత షోకేమిటని నవ్వేవాళ్లు కూడా ఆయన దగ్గరే కొనేవాళ్లు.

భార్య గోపమ్మ దారి వేరు. దుకాణం పడమటి ముఖం. ఎండ వాలి లోపలికి రాగానే ఆమె లేచి ఆలుగడ్డల కుప్ప మీద పాత నేతచీర రెండు మడతలు వేసి కప్పేది. వెలుతురు తగిలితే గడ్డ పచ్చబడుతుంది, చేదెక్కుతుంది. ఆయన తీసేవాడు, ఆమె మళ్లీ కప్పేది. కాపురమంతా ఆ ఒక్క చీర మీదే కొట్లాడుకున్నారన్నా అబద్ధం కాదు. అది గోపమ్మ తల్లి చీర. ఆ తల్లి కూడా ఇంట్లో గడ్డలను దానితోనే కప్పేది. ఆమె పోయాక గోపమ్మ అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

ఈ వేసవిలో సైదయ్య దుకాణం నిండా కొత్త లైట్లు పెట్టించాడు. చుట్టాలంతా చూడవచ్చిన పొద్దు, గోపమ్మ అలవాటు కొద్దీ చీర కప్పింది.

"పీనుగకు కప్పినట్టు ఏందే ఇది!" అని సైదయ్య దాన్ని గుంజి రోడ్డు మీదకు విసిరాడు.

ఒక ఆటో దాని మీంచి పోయింది. ఎవరో నవ్వారు. గోపమ్మ వెళ్లి చీర తెచ్చుకుని, దులిపి, సంచిలో పెట్టుకుంది.

దుకాణానికి రావడం మానలేదు. తూకం వేస్తుంది, చిల్లర ఇస్తుంది, గిరాకీతో నవ్వుతూ మాట్లాడుతుంది. ఆలుగడ్డల వైపు మాత్రం ఆమె చెయ్యి పోదు. కొన్నాళ్లకు బజ్జీల బండి కౌసల్య సంచి పట్టుకొచ్చింది.

"సైదన్నా, గడ్డలన్నీ పచ్చగున్నయ్. బజ్జీలు చేదైతున్నయ్. జర కప్పి పెడితే ఏమైతది?"

సైదయ్య భార్య వైపు చూశాడు.

"నన్నేం సూస్తవ్? నీ సరుకు, నీ ఇష్టం," అంది గోపమ్మ మెల్లగా.

ఆ మెల్లదనమే ఆయన్ను చంపుతోంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ పొద్దు చీరను అట్లా ఎందుకు విసిరానా అని లోలోపల కుమిలిపోతాడు. తప్పయిందని నోరు తెరిచి అనడు, మొండి మనిషి. ఇప్పుడు ఎండ వాలగానే తానే లైట్లార్పి, గోనెసంచులు తెచ్చి కుప్ప మీద కప్పుతున్నాడు. గోపమ్మ కూర్చునే వైపు ఒక మూల మాత్రం కావాలనే వదిలేస్తాడు, చూడలేక ఆమె లాగి కప్పుతుందేమోనని.

ఆ మూలన గడ్డలు పచ్చబడుతూనే ఉన్నాయి. ఆయనే వాటిని ఏరి పారేసి, మంచివి పోసి, మళ్లీ ఆ మూల అట్లాగే వదిలేస్తాడు.