మంజుల చూసిన నీలం

ముందు గుడగుడమని నీటి బుడగల చప్పుడు వినబడుతుంది. ఆ తర్వాతే కోదాడలోని ఆ చేపల దుకాణంలో, అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డ మంజుల కనబడుతుంది. ఆమె గరిడేపల్లిలో జాకెట్లు కుడుతుంది. ఇంట్లో మిషను పక్కనే చిన్న ఉప్పునీటి తొట్టి, అందులో కాస్త పగడం, రాతి సందులో ఒకే ఒక్క తెల్లని గోబీ చేప. కిందటిసారి చీరకు జాకెట్ గుడ్డ కలిపినట్టు రంగు చూసి దానికి జోడీ తెచ్చింది. వచ్చిన చేప గోబీ రెక్కలు చింపేసింది. దాన్ని వాపసు ఇచ్చాక, గోబీ ఈ మధ్యే మళ్ళీ బయటికొచ్చి మేత తింటోంది.

ఇవాళ ఆమె కళ్ళముందు ఒక నీలం చేప తిరుగుతోంది. తెల్లవారబోయే ఆకాశంలోంచి ఒక ముక్క జారి నీళ్ళలో పడ్డట్టుంది.

"చేపని కొంటున్నారా అమ్మా, పెళ్ళిసంబంధం చూస్తున్నారా?" నవ్వాడు దుకాణం ఉపేందర్.

"జర మేత వెయ్యన్నా, సూస్త."

చిటికెడు మేత పడగానే నీలం చేప మిగతావాటిని మూలకు తరిమి, తానొక్కటే తింది. మంజుల వేలు అద్దం మీద దాని వెంట కాసేపు నడిచి, ఆగిపోయింది.

"ఇంత అందం మళ్ళీ దొరకదమ్మా. ప్యాక్ చేసెయ్యనా?"

"వద్దన్నా," అంది, చూపు నీళ్ళలోనే ఉంచి. "దీన్ని తీస్కపోతే నేనైతే పొద్దంత సూస్కుంట కూసుంట. ఇంట్లున్న గోబీ ఇగ బయటికే రాదు."