అవ్వ వేరు, నా ఇంగ్లీషు

నల్లమలలో మా చెంచు గూడెం మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎనిమిదో తరగతి పాసై, గూడెం బడికే అయ్యవారినయ్యాను. ఆ గొప్ప నన్ను ఊరికే ఉండనిస్తుందా! కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆత్మకూరులో మద్రాసు డాక్టరొకాయన కనిపించి, మనిషికి లేనివి చూపించే మూలికల మీద పరిశోధన చేస్తున్నానన్నాడు. "మా అవ్వ దగ్గరుంది," అనేశాను. "దుఃఖం తీరనివాళ్లకు ఒక వేరు ఇస్తుంది. పోయినవాళ్లు కనబడి మాట్లాడతారు."

మర్నాడు ఆయన్ని గూడేనికి తీసుకొస్తుంటే దారిలో నాకు నా తప్పు తెలిసొచ్చింది. మేం గడ్డ తవ్వితే తల భాగం వదిలి మన్ను కప్పి వస్తాం, మళ్లీ మొలవాలని. ఇదివరకు మావాళ్లెవరో ఒక కంట్రాక్టరుకు ఈ వేరు చూపిస్తే కొండవాలంతా బోడి చేసిపోయాడు. ఇక మిగిలింది ఒక్క చోటే. అది అవ్వకొక్కదానికే తెలుసు.

సంగతి విని అవ్వ నన్నొక చూపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఐదుగురు చెంచులకు ఆ వేరు తాగించి, ఎవరికేం కనబడిందో రాసుకుంటానన్నాడు డాక్టరు. అదీ తెలుగు చేసి చెప్పాను.

"జబ్బు లేనోళ్లకు మందేందిరా? ముందు ఆయప్పకేం జబ్బో అడుగు," అని నవ్వి, అవ్వ కథ ఎత్తుకుంది. పులి ఆవలించిన చోటే ఆ వేరు మొలుస్తుందట. వెనక్కి నడుస్తూ పోయి తవ్వాలట. తవ్వబోయే ముందు, వేరు అడిగినవాడే అవ్వ కాచిన కషాయం ఒకటి తాగాలట. పుట్టి బుద్ధెరిగాక అలాంటి కథ మా గూడెంలో నేను వినలేదు. నవ్వు బిగబట్టి ఇంగ్లీషు చేశాను. ఆయన పులి ఆవలింతతో సహా రాసుకున్నాడు.

అవ్వ ముంత అందించింది. వాసనకే నాకు తెలిసిపోయింది, చింతచిగురూ తేనే. డాక్టరు కళ్లు మూసుకుని తాగాడు. కాసేపటికి వెక్కివెక్కి ఏడ్చాడు. తాను లండన్‌లో చదువుతుండగా పోయిన తల్లి కనబడిందట. అవ్వ కొంగుతో ఆయన మొహం తుడిచింది. ఆయన వేరు మాటెత్తకుండా దండం పెట్టి వెళ్లిపోయాడు.

"ఆ వేరు యాడుండాదో నాకన్నా చెప్పవ్వా," అన్నాను.

"నీకు ఇంగిలీసు వచ్చు గదరా," అని పకపకా నవ్వింది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

మరుసటి ఏడు అవ్వ పోయింది. నన్ను పెంచింది ఆమే. నెలలు గడిచినా నా ఏడుపు ఆగలేదు. చివరికి నేనూ చింతచిగురు, తేనె కాచుకుని, కళ్లు మూసుకుని తాగాను. పుల్లగా ఉంది, అంతే.