పదకొండు గంటల చీటీ

ఉద్యోగం చూపిస్తామని సమావేశాలు పెట్టిన సంస్థకు ఏడు ఈమెయిళ్ళు రాశాను. రెండింటికి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని కంప్యూటరు దానంతటదే జవాబిచ్చింది. మిగతా అయిదింటికి అది కూడా లేదు. అందుకే జరిగినదంతా మొదటి నుంచి ఇక్కడ, అందరూ చూసేచోట రాస్తున్నాను. నేనేదీ మరచిపోయే మనిషిని కాను. తొలి సమావేశంలో సమోసాల పళ్ళెం నా దాకా వచ్చేసరికి చట్నీ ఒక్కటే మిగిలింది. అదీ గుర్తుంది.

కొన్నేళ్ళ కిందట నా బుద్ధి కొంతకాలం నా మాట వినలేదు. ఆసుపత్రిలో ఉన్నాను, మందులు పడ్డాయి, తేరుకున్నాను. రాత్రి వేసుకునే మాత్ర మాత్రం పొద్దున పది దాటేదాకా నన్ను వదలదు. డాక్టరు మోతాదు తగ్గించి చూశాడు. నిద్ర తగ్గింది గానీ పాత గోల మళ్ళీ తలుపు తట్టింది. సరే, నిద్రే నయమనుకున్నాం. బట్టల కంపెనీలో చొక్కాలు తనిఖీ చేసే నా ఉద్యోగం అలాగే పోయింది. ఒకరోజు తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కాల దొంతర మీద తల వాల్చాను. నా చెంప ముద్రతో ఒక చొక్కా విదేశానికి వెళ్ళిపోయిందట. పదకొండు దాటాక నేను పట్టినన్ని కుట్టు తప్పులు అక్కడ ఇంకెవరూ పట్టలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఊరికి ఆ చివరనున్న బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక సంస్థ నాలాంటివాళ్ళకు ఉద్యోగాలు చూపించి, అవి నిలిచేలా సాయపడే పథకం తయారుచేస్తోంది. జబ్బు పడి లేచినవాళ్ళే దాన్ని రూపొందించాలని నన్నూ పిలిచారు. మెడలో 'అనుభవ సలహాదారు' అని కార్డు వేశారు. పొంగిపోయాను. సమావేశం ఎన్నింటికయ్యా అంటే, పొద్దున ఎనిమిదిన్నరకు! కాటన్‌పేట నుంచి రెండు బస్సులు మారాలి.

అక్కడి పద్ధతేమిటంటే, ఎవరూ నోటితో చెప్పకూడదు. పసుపు చీటీ మీద రాసి గోడకు అంటించాలి. చివర్లో గోడను ఫొటో తీసుకుంటారు, అదే పథకం. నేను 'పని పదకొండింటికి మొదలవ్వాలి' అని రాసి అంటించాను. ఏసీ గాలికి పడిపోయింది. మళ్ళీ అంటించాను, మళ్ళీ పడింది. మూడోసారి వంగి తీసుకుంటుండగా ఫొటో తీశారు. అందులో చీటీ లేదు, నా వీపుంది.

మరి నా చీటీ సంగతేమిటని సమావేశాలు నడిపించే అమ్మాయిని అడిగాను. విజయవాడ పిల్ల, మర్యాదస్తురాలే.

"సార్, మీ ఇన్‌పుట్ చాలా వాల్యుబుల్ సార్. కానీ వాల్ మీద లేనివి కౌంట్ అవ్వవు సార్."

రెండో సమావేశంలో పనివేళల మీదే చర్చ. అది నా చర్చ! తొమ్మిది దాకా కళ్ళు నులుముకుంటూ కాచుకున్నాను. తర్వాత ఏం జరిగిందో తెలియదు. వారం తర్వాత వచ్చిన నివేదికలో ఇలా ఉంది: 'ఉదయం ఎనిమిదింటికే పని మొదలుపెట్టాలన్న ప్రతిపాదనకు అనుభవ సలహాదారు తల ఊపి సమ్మతించారు.'

అది తల ఊపడం కాదు. తూగడం.

మూడో సమావేశానికి బంక పట్టుకెళ్ళాను. మాది కాటన్‌పేటలో మూడు తరాల బట్టల కొట్టు. మూటలకు చీటీలు అంటించడానికి మైదా, మైలుతుత్తం వేసి మేమే బంక ఉడికిస్తాం. మూట చిరుగుతుంది గానీ చీటీ ఊడదు. గడప దగ్గర అన్న ఆపాడు.

"ఏమప్పా, బంక డబ్బా ఎత్తుకొని యాడికి? పోస్టర్లు అంటించను పోతాండావా?"

"సలహా ఇచ్చేకి పోతాండా."

"మీటింగులో సలహా కూడా మూట లెక్కనే కట్టల్లా?"

వెళ్ళి ఆ చీటీని గోడ నడిమధ్య అంటించాను. ఫొటోలో వచ్చింది. గెలిచాననుకున్నాను.

సమావేశం అయ్యాక, ఆ ఆఫీసులో ఊడ్చి తుడిచే అక్క చీటీలన్నీ పీకడం మొదలుపెట్టింది. నాది రాలేదు. గరిటె లాంటిదానితో గీకింది. రంగు ఊడింది, చీటీ కదల్లేదు.

"ఏమి బంకప్పా ఇది! గోడ వస్తాండాది గానీ చీటీ రాదే!"

"అది పీకొద్దక్కా. ఏం రాశానో చూసినావా?"

"చూసినాలే. పదకొండు గంటలని." గీకడం ఆపి మెల్లగా అంది. "రాత్రి మాత్ర మత్తుకే కదా? నేనూ అట్లాంటిదే మింగుతా. పొద్దున ఆరుకి ఈడ తుడస్తా తుడస్తా, కట్టె పట్టుకొనే నిద్దరపోతా."

"మరి వీళ్ళకెవరికీ చెప్పలేదా?"

"కార్డు ఉండేది నీకు. నన్నెవరు అడిగినారప్పా?"

మూడు సమావేశాలూ ఆమె తుడిచిన గదిలోనే జరిగాయి. ఆమె సంగతి రాయనా అంటే, "రాయప్పా, పేరు మాత్రం బేడ, వద్దు" అంది. చీటీ వదిలేసి వెళ్ళింది.

మర్నాడు ఆ విజయవాడ అమ్మాయి ఫోను చేసింది. "సార్, వాల్ డ్యామేజ్ అయింది సార్."

"చీటీ సంగతేమిటమ్మా?"

"అది రావట్లేదు సార్, అదే ప్రాబ్లెమ్."

"దాని మీద రాసిన మాట?"

"నోట్ చేశాం సార్."

"ఎక్కడ?"

"వాల్ మీద ఉంది కదా సార్."

ఇప్పుడు పథకం మొదలవుతోంది. తొలి బృందంలో నా పేరుందని ఉత్తరం వచ్చింది. చొక్కాల తనిఖీయే, నాకు చేతనైన పని. సోమవారం నుంచి, పొద్దున ఎనిమిదింటికి. మూడుసార్లు ఆలస్యమైతే తీసేస్తారట. అంటే బుధవారానికల్లా నా పని అయిపోతుంది. ఉత్తరం చివర 'అనుభవం ఉన్నవారి సమ్మతితో' అని కూడా రాశారు.

నిద్రలో ఊపిన తలను లెక్కలోకి తీసుకున్నారు. మెలకువగా ఉండి అడుగుతున్నాను, ఆ అక్క తరఫున కూడా అడుగుతున్నాను: పదకొండింటికా, కాదా? సోమవారం లోపు ఎవరో ఒకరు, మనిషన్నవారు, జవాబివ్వండి. ఫోను మాత్రం పదకొండు దాటాక చేయండి.